ఎడమ కర్ర కింద మూడో భుజం

రిసార్టువాళ్ళు మా దారి మూసేయలేదు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. రోడ్డుకూ సముద్రానికీ మధ్య ప్రహరీ కట్టినప్పుడు పడవల కోసం అందులో ఒక గేటు పెట్టారు. వాళ్ళ ఇంజనీరు టేపు తెచ్చి, పేటలోకెల్లా పెద్ద పడవ ఏదో చూపించమని అడిగి, దాన్ని అడ్డంగా కొలిచాడు. ఏడడుగులు వచ్చింది. గేటుకు ఎనిమిది అడుగులు వదిలాడు. ఆ పై అడుగు ఆయన మర్యాద.

పడవను కొలిచాడు గాని పడవను మోసేవాళ్ళను కొలవలేదు. మా ఒడ్డున ఇసుక మెత్తన. ట్రాక్టరు దిగితే ఆ ట్రాక్టరునే మోయాల్సి వస్తుంది. ఒడ్డు ఏటేటా కోతకు పోతోంది కనుక పడవలను అలల పక్కన వదలరు. వేట అయ్యాక రోడ్డు పక్కకు మోసుకొచ్చి పెడతారు, మళ్ళీ వేటకు మోసుకుపోతారు. పడవ అడుగు నుంచి తాళ్ళు పోసి, అటొకటి ఇటొకటి పొడవాటి సరుగుడు కర్రలకు బిగిస్తారు. ఒక్కో కర్ర కింద పన్నెండు మంది భుజం పెడతారు. కర్ర, దాని కింద మనిషి, అతని మోచేయి కలిస్తే ఒక్కో పక్క రెండుంపావు అడుగులు. రెండు పక్కలా నాలుగున్నర. పడవతో కలిపితే పదకొండున్నర.

ఈ లెక్క నేనే చేసి రిసార్టు మేనేజరు గారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "పడవైతే పడుతుంది కదండీ" అన్నారు. పడవైతే పడుతుందనే ఒప్పుకున్నాను.

మాది వలల కొట్టు. వలలు, తాళ్ళు, బెండ్లు, సీసపు గుళ్ళు అమ్ముతాం. మా మామగారు పెట్టారు, ఇప్పుడు నేను చూస్తున్నాను. పేటంతా వేటవాళ్ళే, మా ఒక్క ఇల్లే వ్యాపారస్తులది. నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా తాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. ఏ తాడు ఎంత బరువుకు తెగుతుందో కట్ట మీద అచ్చువేసి ఉంటుంది. ఆ అంకెలు నమ్మబుద్ధి కాక కొత్తలో పెరట్లో దూలానికి ఇసుక బస్తాలు వేలాడదీసి చూసేదాన్ని. కొన్ని అంకెలు నిజం, కొన్ని కావు. అప్పటినుంచి పేటలో ఎవరికి బరువు గురించి అనుమానం వచ్చినా నన్ను అడుగుతారు. అంతకుమించి నాకు పెద్దరికం లేదు.

గేటు సంగతి కాగితాల మీద ఎన్నిసార్లు రాసినా వెడల్పు కాలేదు. దాంతో పేటవాళ్ళు ఒక పొద్దున పడవను మోసుకొచ్చి, రిసార్టు ముందు రోడ్డుకు అడ్డంగా దించారు. నినాదాలు పెద్దగా లేవు. పడవ ఉన్నచోట నినాదాలు ఎందుకని వాళ్ళ ఉద్దేశం. రిసార్టు తోటకు కడియం నుంచి తాటిజాతి మొక్కలు తెస్తున్న లారీ ఒకటి అక్కడే ఆగిపోయింది. డ్రైవరు పేచీ పెట్టలేదు. మా కొళాయి దగ్గర బకెట్టు అడిగి తీసుకుని మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ కూర్చున్నాడు. మొక్కలకు మావాళ్ళ సంగతి తెలియదు గదా అని ఎవరూ అడ్డు చెప్పలేదు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. కొందరు మా స్టేషనువాళ్ళే, కొందరు పట్నంనుంచి వచ్చినవాళ్ళు. అందరికీ హెల్మెట్లు ఉన్నాయి. చొక్కా మీద పేరు ఉండే చోట దళసరి జాకెట్టు వచ్చింది. మా ఎస్సై గారు చిన్నవయసు మనిషి, మాట మెత్తన. మైకులో అందరినీ "అండి" అనే సంబోధించి, అయిదు నిమిషాల్లో రోడ్డు ఖాళీ చేయమన్నారు. పేట పెద్ద పోలీసులతో ఒక నిమిషం మాట్లాడాడు. ఆ పెద్దాయనకు డెబ్బై దాటాయి, ఊరి తగువులన్నీ ఆయన దగ్గరే తేలతాయి. గేటు విషయం కలెక్టరు దగ్గరికి తీసుకెళ్తామని ఎస్సై గారు మాటిచ్చారు కనుక, ఇవాళ్టికి పడవ తీసేద్దామని తీర్మానించారు. నేను కొట్టు మెట్ల మీద నిలబడి ఉన్నాను. పడవ నాకు ముప్పై అడుగుల దూరంలో ఉంది.

తీయాలంటే ఎత్తాలి. ఎత్తాలంటే వంగాలి. ఇరవైనలుగురూ వాళ్ళ వాళ్ళ చోట్లలోకి వెళ్ళి, ఒక్కసారిగా వంగారు. వాళ్ళకు అది కొత్త కాదు, పుట్టినప్పటినుంచీ అలాగే వంగుతున్నారు. పోలీసులు మాత్రం ఇరవైనలుగురు మగవాళ్ళు ఒకేసారి నేలమీదికి వంగడం అంతకుముందు చూసి ఉండరు. రాళ్ళకోసం అనుకున్నారు. మా రోడ్డు పక్కన ఉండేది ఇసుక.

పడవ మోకాళ్ళెత్తు దాటి భుజాలెత్తు వచ్చాక లాఠీలు పడ్డాయి. ఆ స్థితిలో ఉన్న మనిషికి రెండు చేతులూ కర్ర మీదే ఉంటాయి. తలకు అడ్డం పెట్టుకోలేడు, పరిగెత్తలేడు. వదిలేస్తే పక్కవాడి కాలు పోతుంది. అందుకని ఎవరూ వదల్లేదు. పిక్కల మీద, వీపుల మీద పడ్డాయి. ఎడమ కర్ర కింద మూడో చోటులో ఉన్నాయన మెడ పక్క ఎముక మీద పడింది. జట్టుకు అడుగు చెప్పేది ఆయనే. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు దించాలో ఆయన నోటినుంచి రావాలి. ఆయన రోజూ అనే గొంతుతోనే "మెల్లగా. కాళ్ళు చూసుకోండి" అన్నాడు. పడవ మెల్లగా దిగింది. దిగాక ఆయన కూర్చున్నాడు.

పడవ మళ్ళీ రోడ్డు మీదే ఉంది.

కేసు రాళ్ళు విసిరినట్టు పెట్టారు. ముద్దాయిలు గుర్తు తెలియని ముప్పైమంది. నాకు తెలిసి అక్కడ గుర్తు తెలియని మనిషి లారీ డ్రైవరు ఒక్కడే. విచారణకు పట్నంనుంచి ఒక అధికారి వచ్చి, బడిలో నాలుగో తరగతి గదిలో కూర్చున్నారు. నన్నూ పిలిచారు. వాళ్ళు వంగడం చూశారా అన్నారు. చూశానన్నాను. రాళ్ళకు కాక ఎందుకు వంగుతారండీ అన్నారు. పడవ ఎత్తడానికని చెప్పాను. ఆయన రెండూ రాసుకున్నారు. చివరికి తేల్చింది ఏమిటంటే, అధిక బరువు ఎత్తే ప్రయత్నంలో ఎముక విరిగిందని. మూడో చోటు ఆయన ఇరవై ఏళ్ళుగా ఆ బరువు ఎత్తుతున్నాడు. ఆ సంగతి కూడా చెప్పాను. దానివల్ల ఎముక అరిగి ఉండవచ్చని రాసుకున్నారు.

ఇంతలో గేటు సంగతి తేలిపోయింది. రిసార్టు ప్రారంభానికి పెద్దమనుషులు వస్తున్నారట. రోడ్డుకు అడ్డంగా పడవ ఉంటే బాగుండదని, గేటు పక్కన ఒక స్తంభం పడగొట్టి పన్నెండు అడుగులు చేశారు. అంటే మా లెక్కమీద అర అడుగు ఎక్కువే. రెవెన్యూవాళ్ళు వచ్చి కొలిచి, అడిగింది ఇచ్చాం గదా, ఇక పడవ తీయమన్నారు. పేట పెద్ద వాళ్ళకు కొబ్బరినీళ్ళు ఇప్పించి, పడవ ఇప్పుడే లేవదని చెప్పాడు. మూడో చోటు ఖాళీగా ఉంది.

ఇక్కడ మా వేటవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఒక్కో పడవలో ఆరుగురు వేటకు వెళ్తారు. నాలుగు పడవలవాళ్ళు కలిస్తే మోసే జట్టు. జట్టులో ఎవరి చోటు వారిదే. చోటు ఉన్నవాడికే వేటలో పాలు. ఎవరైనా జబ్బుపడితే తమ్ముణ్ణో అల్లుణ్ణో నిలబెడతారు, నిలబడ్డవాడిదే ఆ చోటు అవుతుంది. కాని కొట్లాటలో దెబ్బ తగిలితే అలా కాదు. కొట్టినవాడే వచ్చి, దెబ్బ తగ్గేవరకు ఆ చోటులో భుజం పెట్టాలి. అప్పుడు చోటూ పాలూ దెబ్బ తిన్నవాడివే. దీన్ని భుజం బదులు అంటారు. నా కళ్ళముందే ఒకసారి జరిగింది. బావమరుదులిద్దరు వల చిరిగిన గొడవలో తలపడితే, ఒకడి చేయి బెణికింది. రెండోవాడు రెండు నెలలు అతని చోటులో మోశాడు. ఆ రెండు నెలలూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. భుజం పెడితే చాలు, మాట్లాడాలని పద్ధతిలో లేదు.

కాబట్టి మూడో చోటు ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. వేరేవాణ్ణి నిలబడనిస్తే జట్టు లేస్తుంది, కాని చోటు పోతుంది. కొట్టినవాడు వచ్చేదాకా ఆగితే చోటు ఉంటుంది, కాని నాలుగు పడవలూ ఒడ్డునే ఉంటాయి. ఆయన ఆగుతానన్నాడు. మెడకు పట్టీ వేసుకుని పడవ నీడలో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ అదే మాట చెప్పాడు. జట్టులో మిగతా ఇరవైముగ్గురూ మొదట మెచ్చుకున్నారు. తరవాత తల ఊపారు. తరవాత అటువైపు రావడం తగ్గించారు. వాళ్ళ ఇళ్ళలోనూ పొయ్యి వెలగాలి. పేట పెద్ద మీద ఒత్తిడి పెరిగింది.

పెద్దాయన స్టేషనుకు బయల్దేరాడు. కాస్త గౌరవంగా మాట్లాడేవాళ్ళు పక్కన ఉంటే మంచిదని నన్నూ రమ్మన్నాడు. తాంబూలం పట్టుకుని వెళ్ళాం. ఎస్సై గారు కుర్చీలు వేయించారు. పెద్దాయన విషయం చెప్పాడు. మీ స్టేషను మనిషి మా మనిషి భుజం విరగ్గొట్టాడు, ఎముక అతికేదాకా ఆయన్ని మా జట్టుకు పంపండి, వేటరోజుల్లో ఎత్తడానికీ దించడానికీ వస్తే చాలు, మిగతా టైములో మీ డ్యూటీ చేసుకోవచ్చు.

ఎస్సై గారు చాలాసేపు తాంబూలం వైపు చూశారు. "ఇది ఏ సెక్షన్ కింద అడుగుతున్నారండి?"

"సెక్షన్లు మాకు తెలీవండి. మూడో చోటు ఖాళీగా ఉందండి."

లాఠీచార్జి ఎవరు చేయమన్నారని పెద్దాయన అడగలేదు. అడిగితే చెప్పడం ఎస్సై గారికీ కష్టమయ్యేది. సీఐ గారు ఫోనులో చెప్పారని కానిస్టేబుళ్ళు అంటున్నారు, తనకు పైనుంచి ఫోను వచ్చిందని సీఐ గారు అన్నారట. మా పద్ధతిలో కొట్టిన చేతికి బదులు ఉంది గాని, ఫోనుకు బదులు ఏమీ లేదు.

ఎస్సై గారు నా వైపు తిరిగారు. "అమ్మా, మీరు లెక్కలు తెలిసినవారు. ఇరవైముగ్గురితో లేవదా?"

నేను అక్కడే లెక్క వేశాను. ఇంజనూ వలలూ తీసేస్తే పడవ బరువు సుమారు వెయ్యి కిలోలు. ఇరవైనలుగురికి తలా నలభైఒకటిన్నర చిల్లర. ఇరవైముగ్గురికి నలభైమూడున్నర. తేడా రెండు కిలోలు లేదు. లేస్తుందన్నాను. ఎస్సై గారి ముఖం వికసించింది. పెద్దాయన మాత్రం, "లెక్క బాగుందండి. కర్ర లెక్క చూడదండి. మూడోవాడు లేకపోతే వాడి బరువు రెండోవాడూ నాలుగోవాడే మోస్తారండి" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. ఆ ఇద్దరికీ అరవై దాటుతుంది. నా లెక్క తప్పని ఒప్పుకున్నాను. ఎస్సై గారు నా మొదటి లెక్కే బాగుందన్నారు.

క్రేను తెప్పిస్తారని పుకారు వచ్చింది. వచ్చింది కూడా. కాని ఫైబరు పడవకు గొలుసు బిగిస్తే అంచు పగులుతుందని క్రేనువాడే చెప్పాడు. పగిలితే అదొక కొత్త ధర్నా. క్రేను వెనక్కి వెళ్ళింది. మర్నాడు స్టేషనునుంచి ఒక మనిషి వచ్చాడు.

వచ్చింది హోంగార్డు. పొడగరి, మంచి భుజాలు. ఎస్సై గారు వెళ్ళమన్నారని చెప్పి, చెప్పులు విడిచి, మూడో చోటు ఎక్కడో చూపించమన్నాడు. మెడకు పట్టీ ఉన్నాయన లేచి నిలబడ్డాడు.

"కొట్టింది నువ్వేనా?"

"కాదండి. ఆరోజు నేను అన్నవరంలో ట్రాఫిక్ డ్యూటీలో ఉన్నానండి."

"మరెందుకొచ్చావు బాబూ?"

"ఖాళీగా ఉన్నది నేనేనండి."

అతనికి భోజనం పెట్టి పంపించారు. రెండోరోజు ఒక కానిస్టేబులు వచ్చాడు. ఇతను సరిగ్గా తయారై వచ్చాడు. కొట్టింది నేనే, క్షమించండి అని అప్పజెప్పాడు. జట్టులో కొందరికి ఊపిరి వచ్చింది, కర్రల దగ్గరికి నడిచారు కూడా. మూడో చోటు ఆయన ఆ మనిషిని కాసేపు చూశాడు.

"నువ్వు కొట్టినప్పుడు నేనేమన్నాను?"

కానిస్టేబులు ఆలోచించాడు. "అమ్మా అన్నారండి."

అది ఎవరైనా అనే మాటే, తప్పుపట్టలేం. అతనికీ భోజనం పెట్టారు. రెండోవాడు కూడా కాదని తేలాక జట్టువాళ్ళ ఓపిక అయిపోయింది. ఆ సాయంత్రం నలుగురు ఆయన ఇంటికి వచ్చి, ఎవరో ఒక పోలీసు వచ్చాడు కదా, వాళ్ళ శాఖ పరువు దిగింది కదా, ఇంకేం కావాలి అన్నారు. రెండో చోటు ఆయన మూడో చోటు ఆయనకు స్వయానా బావగారే. ఆయనైతే, "నీ ఒక్క ఎముకకి మా ఇరవైమూడు కడుపులు కట్టేశావు. ఎల్లుండి మా వాణ్ణి నిలబెడతాం" అనేశాడు. మూడో చోటు ఆయన అడ్డు చెప్పడానికి లేదు, గడువు పెట్టడం జట్టు హక్కు. ఆయన భార్య మాత్రం గుమ్మంలోంచి, "ఎముక నీదైతే లెక్క వేరేలా ఉండేది అన్నయ్యా" అంది. ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని మొగల్తూరు దాకా అమ్మివచ్చే మనిషి. ఆ రోజుల్లో గంప బోర్లించే ఉంది.

ఆమెకు ఈ భుజం బదులు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. నా కొట్టు మెట్ల మీద కూర్చుని ఒకటి రెండుసార్లు చెప్పింది. వాన ముసురు పట్టినప్పుడల్లా ఆ ఎముక సలుపుతుంది, ఇంకో ఇరవై ఏళ్ళు సలుపుతుంది, అప్పుడు కూడా వస్తాడా అని. కేసు పెట్టాలని ఆమె మాట. పట్నంలో ఒక లాయరు గారిని అడిగి వచ్చింది కూడా. కొట్టిందెవరో పేరు తెలిస్తే పెట్టవచ్చన్నారట. పేరు ఉండే చోట జాకెట్టు ఉంది కనుక అక్కడితో ఆగిపోయింది.

గడువు రోజు తెల్లవారాక నేను కొట్టు తెరుస్తున్నాను. ఒక కుర్రవాడు, పాతికేళ్ళు ఉంటాయేమో, లుంగీ మీద బనియనుతో సైకిలు దిగి, పడవకు ఎటువైపు ఎడమ అవుతుందండీ అని అడిగాడు. ముక్కు సముద్రం వైపు ఉందనుకుంటే ఇటు ఎడమ అని చూపించాను. కొత్తగా వచ్చిన కూలీ అనుకున్నాను. అతను వెళ్ళి పడవ నీడలో కూర్చున్నాయన ముందు నిలబడ్డాడు. నేను తాళంచెవి తలుపులోనే వదిలి వెనకే వెళ్ళాను.

మూడో చోటు ఆయన ఏమీ అడగలేదు. కుర్రవాడే చెప్పాడు.

"కాళ్ళు చూసుకోమన్నారండి. నేనూ నా కాళ్ళు చూసుకున్నానండి. బూటు కిందెక్కడా రాయి లేదండి."

మూడో చోటు ఆయన తల ఊపి, పక్కన ఉన్న పిల్లను పంపి జట్టును పిలిపించాడు.

ఎస్సై గారు పంపారా అని పేట పెద్ద అడిగాడు. పంపలేదని, ఇవాళ తన వీక్లీ ఆఫ్ అని కుర్రవాడు చెప్పాడు. సొంతూరు కడియం పక్కన, అమ్మానాన్నా నర్సరీల్లో పనికి వెళ్తారట. కొట్టింది తనేనని స్టేషనులో మొదటిరోజే చెబితే, నోరుమూసుకోమన్నారట. జట్టువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చోట్లలో నిలబడుతున్నారు. అప్పుడు మూడో చోటు ఆయన భార్య వచ్చింది. అందరూ పక్కకు తప్పుకున్నారు, తిడుతుందని. తిట్టలేదు.

"ఎవరు కొట్టమన్నారు?"

"కొట్టమని ఎవరూ అన్లేదండి. పక్కవాళ్ళు కొడుతున్నారండి. ఆగమని కూడా ఎవరూ అన్లేదండి."

ఆమె ఆ మాటను మనసులో తూచుకున్నట్టు నిలబడి, ఇంటికి వెళ్ళిపోయింది.

ఇరవైనలుగురూ వంగారు. మూడో చోటు ఆయన పక్కన నిలబడి అడుగు చెప్పాడు. పడవ లేచింది. లేచాక ఒక చిక్కు కనిపించింది. కుర్రవాడు పొట్టి. రెండోవాడి భుజానికీ నాలుగోవాడి భుజానికీ మధ్య కర్ర తిన్నగా పోతోంది, అతని భుజానికి మూడు వేళ్ళ పైన. అతను శ్రద్ధగా నిలబడ్డాడు గాని మోస్తున్నది సున్నా. ముందువాడూ వెనకవాడూ ఒక మాట అన్నారు, రాయడానికి బాగుండదు. పడవ దించారు. మూడో చోటు ఆయన తన తుండుగుడ్డ ఒంటిచేత్తో మడవబోయి, కుదరక, కుర్రవాడి చేతికే ఇచ్చాడు. నాలుగు మడతలు సరిపోలేదు. ఎనిమిది మడతలు వేసి భుజం మీద పెట్టుకున్నాక కర్ర ఆనింది. మళ్ళీ ఎత్తినప్పుడు అతని మోకాళ్ళు ఒకసారి వణికి నిలబడ్డాయి. అంటే బరువు అందినట్టే.

పడవ కొత్త గేటులోంచి వెళ్ళింది. నేను పక్కన నడుస్తూ చూశాను. అటు మూడంగుళాలు, ఇటు మూడంగుళాలు మిగిలింది. రిసార్టు మేనేజరు గారు గేటు దగ్గర నిలబడి, పడుతుందని చెప్పాం కదండీ అన్నారు.

తరవాత ఎస్సై గారు కొట్టుకు వచ్చారు. రోడ్డు ఖాళీ అయినందుకు సంతోషంగానే ఉన్నారు. ఎవరు వచ్చి మోశారమ్మా అని అడిగారు. ఇరవైనలుగురని చెప్పాను. ఇరవైనాలుగోవాడు ఎవరని అడిగారు. మోసేటప్పుడు ముఖాలు కిందకు ఉంటాయండీ అన్నాను. ఆయన ఒక సబ్బు అడిగారు. వలల కొట్టులో సబ్బులు ఉండవు గనక, మా ఇంట్లోకి తెచ్చుకున్న కొత్త సబ్బు ఇచ్చి పంపాను.

కుర్రవాడికి రెండో ఇబ్బంది వచ్చింది. అతని వీక్లీ ఆఫ్ మంగళవారం. ఆ మంగళవారం మోసింది రోడ్డు ఖాళీ చేయడానికి గనక సరిపోయింది. మంగళవారం మావాళ్ళు వేటకు పోరు. పద్ధతి ప్రకారం కొట్టినవాడు వేటరోజున రావాలి. వారానికి ఒక్క వేటరోజైనా అతను మోస్తే, మిగతా రోజుల్లో ఎవరు నిలబడినా చోటు దెబ్బ తిన్నవాడిదే. శుక్రవారానికి మార్పించుకుంటానని, కాకపోతే దరఖాస్తులో కారణం రాయాలని చెప్పాడు. ఏం రాయమంటారండీ అని మూడో చోటు ఆయన్ని అడిగాడు. ఆయన తన భార్య వైపు చూశాడు. ఆమె గంప కడుగుతోంది.

"జరిగింది రాయి" అంది.

శుక్రవారం పొద్దున్నే వచ్చాడు. నాలుగు పడవలూ మోశాడు. ఎడమ భుజం మీద చర్మం లేచిపోయి, బనియను అంటుకుంది. ఇవాళ తెలియదు, రేపు తెలుస్తుంది, ఉప్పు కాపడం పెట్టుకో అని మూడో చోటు ఆయన చెప్పాడు. వాళ్ళిద్దరి మధ్య నేను విన్న పెద్ద సంభాషణ అదే. వెళ్ళేముందు ఆమె అడిగింది, ఏం రాశావని.

"జరిగిందే రాశానండి."

"ఏమన్నారు?"

"ఆఫ్ శుక్రవారానికి మార్చారండి. స్టేషను కూడా మార్చేశారండి. సోమవారం నుంచి ఏజెన్సీలోనండి."

ఆ స్టేషను పేరు చెప్పాడు. రాజమండ్రి దాటి, అడవి దారిలో పైకి. జట్టు అంతా నా వైపు చూసింది. నేను లెక్క వేశాను. మూడు బస్సులు మారాలి. మొదటి బస్సు ఎక్కినా ఇక్కడికి చేరేసరికి పొద్దెక్కుతుంది. పడవలు తెల్లారకముందే లేస్తాయి. అందదని చెప్పాను.

రెండో చోటు బావగారు గొంతు సవరించుకుని, పాపం అంత దూరంనుంచి ఎలా వస్తాడు, మా వాడు ఉన్నాడు కదా అని మొదలుపెట్టాడు. మూడో చోటు ఆయన నేల చూశాడు. దూరం విషయంలో పద్ధతి ఏమీ చెప్పదు. ఇదివరకు కొట్టినవాళ్ళంతా పక్కవీధివాళ్ళే.

కుర్రవాడు సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. వస్తానని అనలేదు, రానని అనలేదు. ఆమె గంపలో చేపలు సర్దుకుని, మీద గోనెపట్టా తడిపి కప్పి, నెత్తికి చుట్టకుదురు పెట్టుకుంది. గంప ఎత్తడానికి చేయి సాయం కావాలి. భర్త చేయి ఇంకా లేవదు. కుర్రవాణ్ణి రమ్మని తల ఊపింది. అతను సైకిలు గోడకు చేరేసి వచ్చి గంప ఎత్తి పెట్టాడు. ఆమె నిలదొక్కుకుని, అతని ముఖం చూడకుండా అంది.

"అయితే గురువారం రాత్రికే రావాలి. అన్నం ఎంతమందికి వండాలో పొద్దున్నే ఫోను చేసి చెప్పు. చివరి నిమిషంలో చెబితే నేను వండను."

"ఆయ్. అలాగేనండి" అన్నాడు.